సబ్‌సెంటర్ దాటని మెట్లు

భద్రాచలం దగ్గర గోదావరికి ఈ గట్టున ఒక దొరతనం, ఆ గట్టున ఇంకొకటి. కుడిగట్టున బూర్గంపాడు, పాల్వంచ, ఇల్లెందు నిజాం ఏలుబడిలో ఉండేవి. ఎడమగట్టున భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల ప్రాంతాలు 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాయి. కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని అప్పర్ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిశాయి. 1959లో రెండు గట్లూ ఖమ్మం జిల్లా అయ్యాయి. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో మిగిలింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక అవతలి రాష్ట్రమైంది. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లాగా ఏర్పడింది.

ఈ సరిహద్దుల గొడవ రెవెన్యూవాళ్లకు సంబంధించినదనిపిస్తుంది. ఇక్కడ వైద్యంలో పనిచేసిన ఆడవాళ్ల చరిత్ర చూస్తే అలా అనిపించదు. ఎవరు ఏ రిజిస్టరులో ఉండాలి, ఎక్కడ పరీక్ష రాయాలి, ఎవరి తర్వాత ఎవరికి ప్రమోషన్ రావాలి అన్నవన్నీ ఆ గీతల వెంటే మారుతూ వచ్చాయి. మద్రాసు ప్రభుత్వం 1926లో నర్సులు, మంత్రసానుల చట్టం చేసి, శిక్షణ పొందినవాళ్ల పేర్లు రిజిస్టరులో రాయడం మొదలుపెట్టింది. చట్టం లెక్కన భద్రాచలం తాలూకా దాని కిందికే వస్తుంది. అయితే ఏ గట్టున చూసినా, గూడెంలో కాన్పు చేసి బొడ్డు కోసిన మనిషి పేరు మాత్రం ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు.

ఆమె ఇంట్లోని పెద్దామె కావచ్చు, పక్క గూడెంలో చేతివాటం ఉందని పేరుపడ్డ ముసలమ్మ కావచ్చు. కోయ గూడెమైనా, కొండరెడ్ల పల్లె అయినా, మైదానం ఊరైనా మంత్రసాని పని ఒకరి దగ్గర చూసి ఇంకొకరు నేర్చుకున్నదే. బిడ్డ అడ్డం తిరిగిందా లేదా అని పొట్ట మీద చెయ్యి వేసి చెప్పగలిగేది, నొప్పులు ఎంతసేపు పడతాయో అంచనా కట్టేది, బాలింతకు ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో శాసించేది. ఇంత బాధ్యతకు ముట్టేది కొన్ని మానికల గింజలు, కలిగినవాళ్లయితే ఒక కోక. ముప్ఫై ఏళ్లు చేసినా ఆమె మంత్రసానే. ఆ పనిలో అనుభవం పెరిగేది, హోదా పెరిగేది కాదు. దీన్ని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత వచ్చిన ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ ఇదే లోపం వేరే రూపంలో కొనసాగింది.

ఇంగ్లీషు వైద్యం ఈ అడవికి నీటి పని వెంట వచ్చింది. గోదావరి మీద పడవలు లోపలి దేశం దాకా నడపాలన్న ఆర్థర్ కాటన్ ఆలోచన ప్రకారం దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టించిన ఇంజనీరు హేగ్. ఆయన చొరవతోనే 1860 ప్రాంతంలో అక్కడ కోయల మధ్య చర్చ్ మిషనరీ సొసైటీ పని మొదలైంది. 1871లో పడవల పథకాన్ని సర్కారు వదిలేసింది, మిషన్ మాత్రం ఉండిపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే పాదిరి కోయల భాష, ఆచారాల గురించి ‘ఇండియన్ యాంటిక్వరీ’లో వ్యాసాలు రాశాడు. మన్యం జ్వరం కూలీనీ దొరనూ ఒకేలా పడగొట్టే చోటు అది. బడి పెట్టినా చర్చి కట్టినా పక్కన మందుల పెట్టె లేకుండా నడిచేది కాదు.

మిషన్ ఆసుపత్రులే తెలుగు ఆడపిల్లకు తొలిసారి జీతమిచ్చే వైద్యపు పని చూపించాయి. అమెరికన్ లూథరన్ మిషన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచింది. తెలుగుదేశంలో నర్సింగ్ చదువు ఇలాంటి ఆసుపత్రుల వార్డుల్లోనే పెరిగింది. అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవం తీసుకున్న కుటుంబాల పిల్లలు, ముఖ్యంగా దళిత కుటుంబాలవాళ్లు. పరాయివాడి పుండు కడగడం, మైల బట్ట ఎత్తడం, రాత్రిళ్లు ఇల్లు వదిలి ఉండటం అగ్రకులాలకు తలవంపులుగా తోచిన రోజులవి. ఎవరూ రాని చోటికి ఈ పిల్లలు వచ్చారు, నిలబడ్డారు. వాళ్లు నిలబడిన చోటే తర్వాత అందరికీ ఉద్యోగమైంది. నర్సు పనికి సమాజం చాలాకాలం ఇవ్వని గౌరవానికి కూడా మూలం అక్కడే ఉంది. పనిని చూసి కాకుండా, చేసినవాళ్ల కులాన్ని చూసి దాని విలువ కట్టారు.

కుడిగట్టు కథ వేరు. నిజాం రాజధానిలో 1885లోనే హైదరాబాదు మెడికల్ స్కూలు ఆడవాళ్లను చేర్చుకుంది. అక్కడ చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫారం ఇవ్వడంలో ఆరితేరి, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాళ్లలో ఒకరిగా పేరు తెచ్చుకుంది. 1906లో విక్టోరియా జనానా ఆసుపత్రికి పునాది పడింది. జనం నోట అది జచ్చాఖానా. ఇవన్నీ గొప్ప సంగతులే. ఇల్లెందు అడవికి వీటి వెలుగు దాదాపు చేరలేదు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు, 1889 నాటికి తవ్వకం మొదలైంది. బొగ్గుబాయి వెంట రైలూ వచ్చింది, కంపెనీ ఆసుపత్రీ వచ్చింది. గని కార్మికుడి కుటుంబానికి అది అండ. ఆ పక్కనే గుండాల అడవిలో ఉన్న కోయ ఆడపిల్లకు ఆ ఆసుపత్రిలో నర్సు కావడానికి ముందు ఒక బడి కావాలి. ఆ బడి అక్కడ లేదు.

మధ్యలో ఒక అధ్యాయం ఉంది, చాలామంది దాన్ని వైద్య చరిత్రలో కలపరు. తెలంగాణ సాయుధ పోరాటంలో, ముఖ్యంగా 1948 సెప్టెంబరులో సైన్యం దిగాక, దళాలు గోదావరి అడవుల్లోకి తరలాయి. పాల్వంచ, ఇల్లెందు, గుండాల అడవుల్లో కోయల అండతో తలదాచుకున్నాయి. దళాల్లో ఉన్న ఆడవాళ్లకు ఉత్తరాలు మోయడం, తుపాకీ శుభ్రం చేయడంతో పాటు గాయాలకు కట్టు కట్టడం, జ్వరానికి మందివ్వడం, సూది వేయడం పనులయ్యాయి. ఇవి వాళ్లు అడవిలోనే నేర్చుకున్నారు. 1951లో పోరాటం విరమించాక మగవాళ్లలో కొందరు ఎన్నికల్లోకి, పార్టీ ఆఫీసుల్లోకి వెళ్లారు, ఆడవాళ్లలో చాలామందిని ఇళ్లకు పొమ్మన్నారు. స్త్రీ శక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివినవాళ్లకు ఆ మాట ఎంత లోతుగా గుచ్చుకుందో తెలుస్తుంది. నేర్చిన విద్యకు సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేని చేతికి ఉద్యోగం లేదు. మంత్రసానికి జరిగిందే పోరాటంలో నడిచిన ఆడవాళ్లకూ జరిగింది.

అప్పటికి ఢిల్లీలో ఇంకో ఆలోచన నడుస్తోంది. భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక పల్లె పల్లెకూ ప్రాథమిక వైద్యం చేరాలంది. పూర్తి నర్సింగ్ చదివినవాళ్లు దేశానికి చాలినంతమంది లేరు. అందుకని తక్కువ కాలంలో తయారయ్యే ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్ అనే కొత్త ఉద్యోగాన్ని 1950ల మొదట్లో పుట్టించారు. రెండేళ్ల శిక్షణ, కాన్పు చేయడం ప్రధానమైన పని. పల్లె మాత్రం ఆమెను ఏఎన్ఎం అనలేదు, నర్సమ్మ అంది.

నర్సమ్మ కావాలన్నా కొంత చదువుండాలి. బడికి వెళ్లే వయసులో పెళ్లయినవాళ్లు, మొగుడు పోయినవాళ్లు ఆ గీత దాటేదెలా? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన మనిషి గోదావరి దిగువ గట్టు నుంచే వచ్చింది. రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్ మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, బడి తప్పిన ఆడవాళ్లను బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు అధ్యక్షురాలయ్యాక ఆ అనుభవాన్ని దేశమంతటికీ పథకంగా మలిచింది. 1958లో మొదలైన ఆ కండెన్స్‌డ్ కోర్సుల్లో కొన్నేళ్ల బడిచదువును రెండేళ్లలో పూర్తి చేయించేవారు. అది గట్టెక్కినవాళ్లు టీచర్లు, బాలసేవికలు, నర్సమ్మలు అయ్యారు.

ఈ పథకానికి చరిత్రలో ఇంకా పెద్ద చోటు దక్కాలి. ఉద్యోగం సృష్టించడం ఒక ఎత్తు. ఆ ఉద్యోగానికీ దాన్ని అందుకోవలసిన మనిషికీ మధ్య ఉన్న ఎడాన్ని పూడ్చడం ఇంకో ఎత్తు. రెండో పనిని దుర్గాబాయి అంత స్పష్టంగా చేసినవాళ్లు ఆమెకు ముందు తక్కువ, తర్వాత ఇంకా తక్కువ.

భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన 1965లో తయారైంది. అంతకు ముందు ఎడమగట్టు మీద పోస్టింగ్ వచ్చిన నర్సు పడవెక్కి వచ్చేది, నది పొంగితే అక్కడే ఉండిపోయేది. వంతెన వచ్చాక కూడా చర్ల, వెంకటాపురం, వాజేడు వైపు వాగులు అలాగే ఉన్నాయి. వానాకాలంలో కాన్పు కష్టమైతే కర్రకు దుప్పటి కట్టి జెట్టీ మీద మోసుకురావలసిందే. 1986 ఆగస్టులో గోదావరి ఇక్కడ 75.6 అడుగులకు వచ్చింది, 2022 జూలై 16న 71.3 అడుగులు. ఇప్పుడు వరద హెచ్చరిక రాగానే నెలలు నిండిన వాళ్లను ముందే భద్రాచలం ఆసుపత్రికి తరలిస్తున్నారు. ఎవరికి ఎప్పుడు నెలలు నిండుతాయో రాసిపెట్టిన పుస్తకం ఏఎన్ఎం దగ్గరే ఉంటుంది. కలెక్టరు ఆదేశం ఆ పుస్తకం లేకపోతే కదలదు.

ఏజెన్సీ పోస్టింగును శిక్షగా చూడటం డిపార్టుమెంటుకు అలవాటైపోయింది. కృష్ణా, గుంటూరు, ఖమ్మం మైదానాల నుంచి వచ్చిన నర్సమ్మలకు సబ్‌సెంటరంటే అద్దెకు తీసుకున్న ఓ గది. కోయ భాష రాదు, దోమలు, దగ్గర్లో బస్సు లేదు. పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి వచ్చినవాళ్లు, బదిలీ కోసం ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు ఉన్నారు. భాష నేర్చుకుని, గూడెంలో ఒకరై, రిటైరయ్యేదాకా ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. జ్వరం వచ్చిన ప్రతి మనిషి వేలు గుచ్చి స్లైడు మీద రక్తపు చుక్క తీయడం, టీకాల డబ్బాలో ఐసు కరగకముందే చివరి గూడెం చేరడం వాళ్ల పనిలో భాగాలు. అంతా చేసినా వార్షిక నివేదికలో కనిపించేది అంకె ఒక్కటే.

1973లో కర్తార్ సింగ్ కమిటీ పల్లె వైద్య సిబ్బందిని మళ్లీ కూర్చింది. ఏఎన్ఎం కాస్తా మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ అయింది, మన దగ్గర రికార్డుల్లో ఎంపీహెచ్ఏ ఫిమేల్. కాన్పు చేయడానికి తయారైన మనిషికి మలేరియా, టీకాలు, లెక్కలు, అన్నిటికీ మించి కుటుంబ నియంత్రణ టార్గెట్లు అంటగట్టారు. 1977లో శిక్షణను 18 నెలలకు కుదించారు. ఆపరేషన్ల టార్గెట్ల ఒత్తిడి 1996 ఏప్రిల్లో కేంద్రం ఎత్తేసేదాకా సాగింది. ఆ ఇరవై ఏళ్లలో నర్సమ్మ వస్తుంటే తలుపు వేసుకున్న ఇళ్లు ఉన్నాయంటే తప్పు ఆమెది కాదు. ఆమె చేతికిచ్చిన కాగితానిది.

ఇక ప్రమోషన్ల సంగతి. కాగితం మీద మెట్లు లేకపోలేదు. ఏఎన్ఎంగా అయిదేళ్లు చేసి, ఆరు నెలల శిక్షణ పూర్తిచేస్తే లేడీ హెల్త్ విజిటర్, అంటే సూపర్‌వైజర్. ఆపైన పబ్లిక్ హెల్త్ నర్స్. జిల్లాకు ఒకరుగా డిస్ట్రిక్ట్ పబ్లిక్ హెల్త్ నర్సింగ్ ఆఫీసర్. లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. దాదాపు ఆరు సబ్‌సెంటర్లకు ఒక సూపర్‌వైజర్ పోస్టు, అంటే ఆరుగురిలో అయిదుగురికి ఆ మెట్టు దక్కదు. దక్కినా చాలామందికి రిటైర్మెంటుకు కాస్త ముందు దక్కుతుంది.

ఆసుపత్రి నర్సుల వరస ఇంకో దారి. స్టాఫ్ నర్స్, హెడ్ నర్స్, నర్సింగ్ సూపరింటెండెంట్. ఈ రెండు దారులూ ఎక్కడా కలవవు. ఏఎన్ఎంగా రిజిస్టరైన మనిషి స్టాఫ్ నర్సు కావడానికి చదివే జీఎన్ఎం కోర్సులో చేరవచ్చు, అభ్యంతరం లేదు. అయితే మొదటి ఏడాది నుంచి, పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చుని మొదలుపెట్టాలి. పదిహేనేళ్లు అడవిలో చేసిన కాన్పులకు ఒక్క సెమిస్టరు కూడా మినహాయింపు లేదు. ఇంట్లో పిల్లలు, అప్పులు, మొగుడి ఉద్యోగం పెట్టుకుని జీతం వదిలి మూడేళ్లు హాస్టల్లో ఉండగలిగే ఆడవాళ్లు ఎంతమంది? 2012 తర్వాత ఏఎన్ఎం కోర్సుకే ఇంటర్మీడియెట్ అర్హత అడగడం మొదలైంది. చదువు స్థాయి పెరగడం మంచిదే. ఆ గీత పైకి జరిగినప్పుడు కింద నిలబడ్డ పదో తరగతి కోయ పిల్లకు మరో దారి వేసినవాళ్లు మాత్రం లేరు.

పై మెట్లు పెరగలేదు కానీ, కింది మెట్లు పెరుగుతూనే వచ్చాయి. దేశమంతటా మంత్రసానులకు కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి యునిసెఫ్ కిట్లు చేతికిచ్చారు, వాళ్లు శిక్షణ పొందిన దాయీలయ్యారు. 1977లో ఊరికో హెల్త్ వర్కర్ పథకం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజన ప్రాంతాల్లో ఆశ కార్యకర్త కన్నా ముందే కమ్యూనిటీ హెల్త్ వర్కర్లు ఉండేవారు. 2005 ఏప్రిల్లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశ వచ్చింది. అదే మిషన్ డబ్బుతో సబ్‌సెంటరుకు రెండో ఏఎన్ఎం వచ్చింది, కాంట్రాక్టు మీద. ప్రతిసారీ కొత్తగా వచ్చిన పని రెగ్యులర్ ఏఎన్ఎం ఉద్యోగం కన్నా చౌక. 1977 నాటి పథకం తప్పిస్తే వాళ్లంతా ఆడవాళ్లే. అడవిలో ఆడపిల్లకు వైద్యంలో పని లేదని ఇప్పుడెవరూ అనలేరు. పని ఉంది, దానికి పైన ఏముందన్నదే అప్పటి నుంచి ఇప్పటిదాకా తేలని లెక్క.

2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశలను గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డుతో గౌరవించింది. తెలంగాణలో ఆశకు నెలకు వచ్చేదాన్ని 2017లో 6,000 రూపాయలకు, 2022 మొదట్లో 9,750కి పెంచారు. అది జీతం కాదు, పారితోషికం. జీతమైతే పీఎఫ్ ఉంటుంది, సెలవులు ఉంటాయి, సీనియారిటీ ఉంటుంది. సీనియారిటీ ఉంటే ప్రమోషన్ అడగవచ్చు. 2023 సెప్టెంబరులో రాష్ట్రమంతటా ఆశలు సమ్మెకు దిగి ఫిక్స్‌డ్ వేతనం అడిగారు. అంతకు నెల ముందు, ఆగస్టులో, రెండో ఏఎన్ఎంలు రోడ్డెక్కారు. ఏళ్ల తరబడి చేస్తున్న ఉద్యోగానికి మళ్లీ పరీక్ష ఎందుకు, ఉన్నపళంగా రెగ్యులర్ చేయమన్నది వాళ్ల డిమాండు.

ఆ పరీక్ష వివరాలు ఆగి చూడదగ్గవి. మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2023లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఎంపీహెచ్ఏ ఫిమేల్ పోస్టుకు రాత పరీక్ష 80 మార్కులు. మిగతా 20 పాయింట్లు కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు. గిరిజన ప్రాంతంలో చేసిన ప్రతి ఆరు నెలలకు రెండున్నర పాయింట్లు, మిగతా చోట్ల రెండు. అడవిలో చేసినవాళ్లకు ప్రభుత్వం ఎక్కువ విలువ కట్టిందని పైకి కనిపిస్తుంది, ఆ ఉద్దేశం మంచిదే. కాస్త కూడితే ఇంకోటి బయటపడుతుంది. గిరిజన ప్రాంతంలో నాలుగేళ్లు చేస్తే 20 పాయింట్లు నిండిపోతాయి, మైదానంలో అయిదేళ్లకు నిండుతాయి. ఆ తర్వాత ఎన్నేళ్లు చేసినా ఒక్క పాయింటు కలవదు. చర్ల అడవిలో పదిహేనేళ్లు నడిచిన మనిషి, మైదానంలో అయిదేళ్లు చేసిన మనిషి ఒకే గీత మీద నిలబడి 80 మార్కుల రాత పరీక్షకు కూర్చోవాలి. వాళ్లలో ఒకరు కాలేజీ వదిలి ఆరేడేళ్లయినవారు, ఇంకొకరు ఇరవై ఏళ్లయినవారు. 2024 డిసెంబరు 29న ఆ పరీక్ష జరిగింది.

ఇంత ఇరుకులోనూ పేరు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. 2023 జూన్ 22న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము నేషనల్ ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డులు ఇచ్చారు. అందుకున్నవారిలో తేజావత్ సుశీల ఒకరు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఎర్రగుంట ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం. గుత్తికోయల ఆవాసాలకు వైద్యం చేర్చిన సేవకు ఆ గుర్తింపు. 1973 నుంచి ఇస్తున్న ఈ అవార్డు నర్సింగ్‌లో దేశంలోకెల్లా పెద్దది. ఒక ఆదివాసీ రాష్ట్రపతి చేతుల మీదుగా అడవి అంచున పనిచేసే ఏఎన్ఎం దాన్ని తీసుకోవడం ఈ ప్రాంతానికంతా గర్వకారణం. అవార్డుకు నగదు ఉంది, ప్రశంసాపత్రం ఉంది. ఉద్యోగంలో పై మెట్టు ఎక్కించే నిబంధన అందులో ఉండి ఉంటే ఇంకా బాగుండేది.

గుత్తికోయల ఊసు లేకుండా ఈ అడవి వైద్యం గురించి చెప్పడం కుదరదు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం హింస తట్టుకోలేక దంతెవాడ, బీజాపూర్, సుక్మా వైపు నుంచి వేల గుత్తికోయ కుటుంబాలు ఇటు అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నాయి. కరెంటు లేని, దారి లేని ఆవాసాలు చాలా ఉన్నాయి. భద్రాచలం ఏరియా ఆసుపత్రి ప్రసూతి వార్డుకు ఇప్పుడు తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా నాలుగు వైపుల నుంచీ గర్భిణులు వస్తారు. మన సరిహద్దు గీతలు నొప్పులకు పట్టవు. అక్కడి నర్సుకు తెలుగు, కోయ, కొంచెం హిందీ, ఇంకొంచెం సైగలు కావాలి. ఈ నేర్పును కొలిచే ప్రశ్న ఏ నియామక పరీక్షలోనూ ఉండదు.

గత పదేళ్లలో కొన్ని కొత్త దారులూ తెరుచుకున్నాయి, వాటిని తక్కువ చేయకూడదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ తోడ్పాటుతో ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. తొలి బృందం ముప్ఫై మంది, కరీంనగర్‌లో. మరుసటి ఏడాది చివర కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. మంచిదే. అదే సర్వేలో సిజేరియన్లు 60.7 శాతం. సహజ కాన్పు చేయించగల చేతులు మళ్లీ కావలసి వచ్చాయి. యాభై ఏళ్ల కిందట ఏఎన్ఎం చేతి నుంచి నెమ్మదిగా జారిపోయిన విద్యను కొత్త పేరుతో, ఎక్కువ గౌరవంతో వెనక్కి తెస్తున్నారు. అయితే శిక్షణకు జీఎన్ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ ఉండాలి. మొదట ఆ విద్య కోసమే పుట్టిన ఏఎన్ఎంకు అందులో చోటు లేదు.

ఇలాంటిదే 2018లో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ పోస్టు. తెలంగాణలో పల్లె దవాఖానాగా మారిన సబ్‌సెంటరుకు వచ్చిన కొత్త అధికారి డాక్టరో, స్టాఫ్ నర్సు అర్హత ఉన్నవారో. ఊరికి వైద్యం దగ్గరైంది, రోగికి మేలు జరిగింది. ఇరవై ఏళ్లుగా అదే సబ్‌సెంటర్ నడిపిన ఏఎన్ఎం తలుపు పక్కనే కొత్త కుర్చీ పడింది, అందులో కూర్చునే అర్హత ఆమెకు సంపాదించుకునే మార్గం మాత్రం వేయలేదు. స్టాఫ్ నర్సులకు 2023లో నర్సింగ్ ఆఫీసర్ అన్న పేరు వచ్చింది. ప్రత్యేక నర్సింగ్ డైరెక్టరేట్ కావాలని వాళ్లు ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. నర్సుల విధానాన్ని నర్సులే నడపాలన్న ఆ కోరిక న్యాయమైనది.

చదువుకోగలిగినవాళ్లకు దారులు పెరిగాయి. 2022 నవంబరులో కొత్తగూడెం ప్రభుత్వ మెడికల్ కాలేజీ, 2023లో ఖమ్మం కాలేజీ తెరుచుకున్నాయి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ తెలంగాణ నర్సులకు జర్మన్, జపనీస్ భాషలు నేర్పి ఆ దేశాలకు పంపుతోంది. బీఎస్సీ నర్సింగ్ చదివిన పాల్వంచ పిల్లకు జర్మనీ వార్డులో ఉద్యోగం నిజంగా అందుబాటులో ఉన్న విషయం. చర్ల ఆశ కార్యకర్తకు చర్ల సబ్‌సెంటరులో ఏఎన్ఎం ఉద్యోగం అంత అందుబాటులో లేదు. చదువుకున్న పిల్ల ఎంత దూరమైనా వెళ్లగలుగుతోంది, ఉన్నచోట పైకి రావలసిన మనిషికే దారి లేదు.

చేయగలిగినవి కష్టమైనవేమీ కావు. పది పాసైన ఆశకు ఓపెన్ స్కూలు ద్వారా ఇంటర్, ఆ తర్వాత పారితోషికం ఆగకుండా ఏఎన్ఎం సీటు. ఏఎన్ఎంకు జీతంతో కూడిన సెలవు మీద జీఎన్ఎం, అడవిలో చేసిన సర్వీసుకు కోర్సులో మినహాయింపు. ఏజెన్సీ సర్వీసు పాయింట్లకు నాలుగేళ్ల దగ్గర పడే కత్తెర తీసేయడం. 1958లో డబ్బు లేని దేశం దుర్గాబాయి మాట విని ఇంతకన్నా పెద్ద సాహసమే చేసింది.

వీటిలో మొదటి పని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ స్థాయిలోనే మొదలుపెట్టవచ్చు. అప్పుడు కూడా ఒక ముడి మిగులుతుంది. వలస వచ్చిన గుత్తికోయ కుటుంబాలకు తెలంగాణలో ఎస్టీ సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. పుట్టింది ఇక్కడే, చదివింది ఇక్కడి బడిలోనే, మాట్లాడేది ఆ ఆవాసాల్లో ఏ నర్సుకూ రాని భాష. అలాంటి పిల్ల ఏఎన్ఎం కోర్సులో ఎస్టీ సీటు అడిగితే కౌంటర్లో కాగితం చూపించలేకపోతుంది. గుత్తికోయ ఆవాసాలకు తగిన నర్సు ఎవరంటే ఆ పిల్లే, ఆమె సీటు సంగతి ఇప్పటికీ రెండు రాష్ట్రాల రెవెన్యూ రికార్డుల మధ్య ఆగి ఉంది.